ఎస్టీమ్‌కు టర్బో వేయాలంటే ఏ బ్లాకు బలమైనది?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీరు చిత్తూరులో ఉంటారు. మీ దగ్గర 2003 నాటి మారుతి ఎస్టీమ్ ఉంది. దానికి టర్బో (పొగ గొట్టంలోంచి పోయే వాయువుల బలంతో ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) అమర్చి, శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద నడపడానికి సుమారు 150 హార్స్‌పవర్ రాబట్టాలన్నది మీ ఆలోచన. బండిలో ఉన్న 1.3 లీటర్ల బ్లాకునే (సిలిండర్లు ఉండే ఇంజను ప్రధాన పోత భాగాన్నే) ఉంచాలా, సైన్యం వాడిన జిప్సీ బ్లాకు తేవాలా, పాత బలేనో 1.6 బ్లాకు వెతకాలా, లేక మీ మిత్రుడు చెప్పినట్టు లాన్సర్ 1.5 బ్లాకు ఇనుపది కాబట్టి దాన్నే పట్టుకోవాలా అన్నది మీ సందేహం.

టర్బోతో 150 కావాలంటే బలేనో 1.6 బ్లాకు తీసుకోండి. టర్బో లేకుండా కేవలం చుట్లు (ఇంజను నిమిషానికి తిరిగే లెక్క) పెంచి శక్తి తీయాలనుకుంటే మీ 1.3 బ్లాకే మేలు. జిప్సీ బ్లాకుకు ప్రత్యేకమైన బలమేమీ లేదు. లాన్సర్ బ్లాకు మంచిదే కానీ అది లాన్సర్‌లో ఉండవలసినది. అయితే ఈ మాటలన్నీ ఒక షరతుకు లోబడి ఉంటాయి. మీ చేతికి వచ్చిన ఆ ఒక్క బ్లాకు గోడల మందం ఎంత, దానిలో పగుళ్ళు ఉన్నాయా, నీటి దారులు తినేసి ఉన్నాయా అన్నది తేలేదాకా ఏ బ్లాకు పేరూ మిమ్మల్ని కాపాడదు.

బ్లాకు బలం అనగానే చాలామంది ఒకే అంకె కోసం చూస్తారు. ఈ బ్లాకు 200 హార్స్‌పవర్ తట్టుకుంటుంది, ఆ బ్లాకు 300 తట్టుకుంటుంది అని చెప్పుకుంటారు. నిజానికి బ్లాకు హార్స్‌పవర్ వల్ల పగలదు. సిలిండరులో మంట పుట్టించే పీడనం దాన్ని ఒక తీరుగా పరీక్షిస్తుంది, పైకీ కిందికీ తిరిగే పిస్టను జడత్వం ఇంకొక తీరుగా పరీక్షిస్తుంది, వేడి మూడో తీరుగా పరీక్షిస్తుంది. ఒకే 150 హార్స్‌పవర్‌ను ఎక్కువ పీడనంతో, తక్కువ చుట్లతో తీసిన ఇంజను సిలిండరు గోడలనూ, బ్లాకు మీద మూతలా ఉండే హెడ్‌ను బిగించే హెడ్ బోల్టులనూ శ్రమపెడుతుంది. అదే శక్తిని తక్కువ పీడనంతో, ఎక్కువ చుట్లతో తీసిన ఇంజను, పిస్టన్లను క్రాంకుకు (ఇంజను తిరిగే ఇరుసుకు) కలిపే రాడ్లనూ, ఆ క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులనూ శ్రమపెడుతుంది. అందువల్ల మీరు శక్తిని ఏ దారిలో తీయబోతున్నారో తేల్చకుండా రెండు బ్లాకులను పోల్చడం కుదరదు.

మీ బండి కొలతలతోనే చూద్దాం. బోరు అంటే సిలిండరు లోపలి వ్యాసం, స్ట్రోకు అంటే పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం. ఎస్టీమ్, జిప్సీ, మొదటి తరం పెట్రోలు స్విఫ్ట్‌లలో వచ్చిన 1.3 ఇంజను బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5 మిల్లీమీటర్లు, మొత్తం 1298 సీసీ. బలేనో 1.6 బోరు 75, స్ట్రోకు 90, మొత్తం 1590 సీసీ. లాన్సర్ 1.5 బోరు 75.5, స్ట్రోకు 82, మొత్తం 1468 సీసీ. మూడింటి బోర్లు దాదాపు సమానమే, తేడా అంతా స్ట్రోకులో ఉంది. మీరు 6000 చుట్ల దగ్గర 150 హార్స్‌పవర్ కావాలంటే అక్కడ సుమారు 178 న్యూటన్ మీటర్ల టార్కు ఉండాలి. ఆ టార్కు రావడానికి 1.3 ఇంజనులో సిలిండరు సగటు పీడనం దాదాపు 17 బార్లు (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ఉండాలి, లాన్సర్ ఇంజనులో 15 చాలు, బలేనో ఇంజనులో 14 చాలు. స్విఫ్ట్‌లో కంపెనీ ఇచ్చిన 113 న్యూటన్ మీటర్లకు ఈ సగటు 11 బార్లు మాత్రమే. అంటే మీ 1.3 బ్లాకును దాని పుట్టుకకు ఒకటిన్నర రెట్ల భారం మోయమని అడుగుతున్నారు. బలేనో బ్లాకును అడిగేది అంతకంటే బాగా తక్కువ.

ఈ సగటు వెనుక ఉన్న అసలు శత్రువు గరిష్ఠ పీడనం. టర్బో లేని ఇంజనులో మంట గరిష్ఠ స్థాయిలో 60 బార్లు ఉందనుకుంటే, 74 మిల్లీమీటర్ల పిస్టను తల మీద పడే బరువు దాదాపు రెండున్నర టన్నులు. అదే పీడనం 100 బార్లకు చేరితే ఆ బరువు నాలుగు టన్నులు దాటుతుంది. ఆ బరువు కిందికి పిస్టను, రాడ్డు, క్రాంకు మీదుగా మెయిన్ బేరింగు ఆధారాలకు చేరుతుంది, పైకి హెడ్ బోల్టులను పట్టి లాగుతుంది, పక్కలకు సిలిండరు గోడను ఉబ్బిస్తుంది. 6000 చుట్ల దగ్గర ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 3000 సార్లు, గంటకు 1,80,000 సార్లు ఇది జరుగుతుంది. లోహం ఒక్క దెబ్బకు పగలదు. ఇన్ని దెబ్బలకు అలసి పగులుతుంది.

చుట్ల దారి సంగతి ఇందుకు భిన్నం. 7000 చుట్ల దగ్గర 1.3 ఇంజను పిస్టను సగటు వేగం సెకనుకు 17.6 మీటర్లు, బలేనో పిస్టను వేగం సరిగ్గా 21 మీటర్లు. పిస్టను పై కొసన ఆగి వెనక్కు తిరిగేటప్పుడు పుట్టే లాగుడు కూడా స్ట్రోకును బట్టే పెరుగుతుంది కాబట్టి, అవే చుట్ల దగ్గర, అంతే బరువున్న పిస్టనుతో బలేనో క్రాంకూ క్యాపులూ దాదాపు 19 శాతం ఎక్కువ లాగుడు భరించాలి. పిస్టను, పిన్ను, రింగులు కలిపి 350 గ్రాములే అనుకున్నా 7000 చుట్ల దగ్గర 1.3 ఇంజనులో ఆ లాగుడు ఒక టన్నుకు దగ్గరగా ఉంటుంది. కనుక బలేనో బ్లాకుకు టర్బో వేసి 6200 చుట్లు దాటకుండా కట్ పెట్టడం తెలివైన పని. అదే బ్లాకును 8000 చుట్లు తిప్పాలనుకోవడం దాని స్వభావానికి విరుద్ధం. మీ 1.3 ఇంజను సంగతి దీనికి తారుమారుగా ఉంటుంది. మన దేశంలో ఎల్జీబీ ఫార్ములా రేసు కార్లలో ఏళ్ళ తరబడి వాడిన ఇంజను కూడా ఇదే 1.3. చుట్లు తిరగడం దానికి కొత్త కాదు.

ఇక ఇనుము, అల్యూమినియం వాదన. మీ మిత్రుడి మాటలో నిజముంది కానీ అది సగం నిజం. బూడిదరంగు పోత ఇనుము అల్యూమినియం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బిగువైనది. వేడికి అది అల్యూమినియంలో సగమే వ్యాకోచిస్తుంది, 200 డిగ్రీల దాకా వేడెక్కినా బలం పెద్దగా పోగొట్టుకోదు. అల్యూమినియం ఆ వేడికి మెత్తబడుతుంది. ఉక్కు క్రాంకు చుట్టూ అల్యూమినియం బ్లాకు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి వేడెక్కిన తరువాత మెయిన్ బేరింగు సందు పెరిగి ఆయిలు పీడనం పడిపోతుంది. ఇవన్నీ ఇనుము పక్షాన ఉన్న వాదనలే. సుజుకీ 1.3, 1.6 బ్లాకులు రెండూ లోపల ఇనుప లైనర్లు (పిస్టను కదిలే గొట్టాలు) పోసిన అల్యూమినియం బ్లాకులు. లాన్సర్ 1.5 బ్లాకు పూర్తిగా పోత ఇనుము. అయినా ఇనుము సాంద్రత 7.2, అల్యూమినియం సాంద్రత 2.7 కావడం వల్ల పోత పోసేవాడు బరువు తగ్గించడానికి ఇనుప గోడలను పలచగా పోస్తాడు. పలచని ఇనుప గోడ కంటే లైనరుతో కూడిన మందమైన అల్యూమినియం గోడ బలంగా ఉండే సందర్భాలు ఉంటాయి. లోహం పేరు మందాన్ని చెప్పదు.

ఈ విషయం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక లాన్సర్ ఇనుప బ్లాకు మీద ఉన్న నమ్మకంతో, గోడ మందం కొలవకుండానే, ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజుకు (అసలు వ్యాసం కంటే అంత పెద్దగా) బోరు చేయించి టర్బో ఎక్కించాను. ట్రాకు మీద రెండో రోజు మధ్యాహ్నం సైలెన్సరులోంచి తెల్లటి పొగ మొదలైంది, నీళ్ళు తగ్గసాగాయి. విప్పి చూస్తే మూడో సిలిండరులో నిలువునా పగులు ఉంది. ఆ బ్లాకును తరువాత ఆ పగులు దగ్గరే కోయించి చూశాను. ఎదురెదురు గోడల్లో ఒకటి మందంగా, ఒకటి పలచగా ఉన్నాయి. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు కాస్త పక్కకు జరిగితే ఇలాగే అవుతుంది. పైనుంచి చూస్తే బోరు నిండుగా, గుండ్రంగా, అందంగానే కనబడుతుంది.

ఎంత పలచనైతే ఎంత ప్రమాదమో ఒక లెక్క చూడండి. పక్కన ఏ ఆసరా లేకుండా నిలబడిన గోడ అనుకుంటే, 37.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న సిలిండరులో 100 బార్ల పీడనానికి 4 మిల్లీమీటర్ల గోడలో పుట్టే ఒత్తిడి సుమారు 94 మెగాపాస్కల్స్. గోడ 3 మిల్లీమీటర్లే ఉంటే అది 125కు చేరుతుంది. మామూలు పోత ఇనుము ఒక్కసారి లాగితే 200 నుంచి 250 మెగాపాస్కల్స్ దాకా తెగదు. కానీ లక్షల దెబ్బలకు నిలిచే హద్దు అందులో సగం కూడా ఉండదు. నా బ్లాకు ఎందుకు పగిలిందో ఈ లెక్క చేశాకే నాకు అర్థమైంది.

విదేశాల అనుభవం కూడా దీన్నే చెబుతుంది. అమెరికా వీ8 ఇంజనైన ఫోర్డ్ 302 బ్లాకు పూర్తిగా ఇనుమే అయినా, దాన్నుంచి 500 హార్స్‌పవర్ దాటి తీసినప్పుడు గోడలు నిలిచి, మెయిన్ బేరింగుల వరుస వెంబడి బ్లాకే రెండుగా చీలిన సందర్భాలు ఆ రంగంలో అందరికీ తెలిసినవే. దానికి బలహీనత కింద ఉంది. నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజను విషయంలో మామూలు బ్లాకూ, రేసింగ్ కోసం పోసిన ఎన్1 బ్లాకూ పైకి ఒకే రకంగా కనబడతాయి. ఎన్1 బ్లాకులో సిలిండరు గోడలు మందం. దానికి బలం అక్కడ పెంచారు. టొయోటా 2జేజెడ్ ఇంజను పేరు మీరు వినే ఉంటారు. దాని బలం ఇనుములో మాత్రమే లేదు, ఆరు సిలిండర్లకు ఏడు మెయిన్ బేరింగులు ఉండటంలోనూ, పై అంచు మూసుకుని సిలిండర్లను పట్టి ఉంచడంలోనూ ఉంది. మిత్సుబిషి 4జీ63 ఇంజనులో ఫ్లైవీలుకు ఆరు బోల్టులున్న పాత రకాన్ని, ఏడు బోల్టులున్న కొత్త రకం కంటే గట్టిదని వెతుక్కుని మరీ కొనేవారు, ఎందుకంటే ఏడు బోల్టుల రకంలో క్రాంకు ముందుకూ వెనక్కూ జరిగి థ్రస్టు బేరింగు అరిగే జబ్బు కొన్ని ఏళ్ళ ఇంజన్లలో కనబడింది. అయినా అదే ఏడు బోల్టుల కుటుంబం లాన్సర్ ఇవల్యూషన్ కార్లలో ర్యాలీలు గెలిచింది. కాబట్టి ఎవరైనా ఒక బ్లాకు గట్టిదని చెబితే, ఎక్కడ గట్టిది అని అడగండి.

జిప్సీ గురించి ఒక మాట. సైన్యం వాడింది కాబట్టి బ్లాకు గట్టిదన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. జిప్సీ మొండితనం దాని ఛాసీలోనూ, ఆక్సిళ్ళలోనూ, తక్కువ భారంతో నడిచే 80 హార్స్‌పవర్ ఇంజనులోనూ ఉంది. బోరూ స్ట్రోకూ మీ ఎస్టీమ్‌వే. పైగా జిప్సీలో ఇంజను బండి పొడవునా కూర్చుంటుంది, మీ ఎస్టీమ్‌లో అడ్డంగా ఉంటుంది కాబట్టి మౌంటులూ ఆయిలు పానూ మీకు సరిపడవు. నేను విప్పి చూసిన 1.3 బ్లాకుల్లో ఒక మోడలుకూ ఇంకో మోడలుకూ ఉన్న తేడా కంటే, ఒకే మోడలులో ఒక బ్లాకుకూ ఇంకో బ్లాకుకూ ఉన్న తేడాయే ఎక్కువ. దానికి కారణం వాటి గత జీవితం.

ఆ గత జీవితంలో మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద నేరస్థుడు బోరుబావి నీళ్ళు. కూలెంటు బదులు రేడియేటరులో బోరు నీళ్ళు పోయడం ఇక్కడ ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్న అలవాటు. ఆ నీళ్ళలోని సున్నం నీటి దారుల గోడలకు పొరగా పట్టి వేడి బయటకు పోనీయదు. ఉప్పులు అల్యూమినియాన్ని లోపలినుంచి గుంటలు గుంటలుగా తినేస్తాయి. ముఖ్యంగా హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య పెట్టే సీలు) కూర్చునే అంచు దగ్గర, నీటి రంధ్రాల చుట్టూ ఆ తినివేత ఎక్కువ. మే నెలలో ఐదుగురితో తిరుమల రెండో ఘాట్ రోడ్డు చిన్న గేరులో ఎక్కిన బండి నీళ్ళు మరిగి ఆగిపోవడం, దాని మీద చల్లటి నీళ్ళు కుమ్మరించడం మీరూ చూసే ఉంటారు. అలా ఒక్కసారి వేడెక్కిన అల్యూమినియం బ్లాకు పై అంచు వంకర తిరిగి ఉంటుంది. టర్బో లేనంతకాలం అది బయటపడదు. టర్బో వేసిన మొదటి వారంలో గాస్కెట్ తన్నేస్తుంది, తప్పు ట్యూనింగు మీదకు పోతుంది.

కనుక బలేనో బ్లాకు కోసం చెన్నై పుదుప్పేటకు వెళ్ళినా, తిరుపతి ఆటోనగర్‌లో దొరికినా, ఇసుకతో రుద్ది వెండి రంగు వేసిన బ్లాకును కొనకండి. పైన పటారం, లోన లొటారం అన్న మాట పాత బ్లాకులకు అక్షరాలా వర్తిస్తుంది. మురికిగా, ఆయిలు పట్టి, హెడ్‌తో సహా ఉన్న బ్లాకును కొనండి. దాని మురికే మీకు సాక్ష్యం. వాటర్ పంపు విప్పి వేలు పెట్టి చూడండి. పచ్చగానో ఎర్రగానో కూలెంటు రంగు కనబడితే మంచి గుర్తు. తెల్లటి పెచ్చులు వస్తే వదిలేయండి.

కొన్న తరువాత గోడ మందం కొలిపించండి. శబ్ద తరంగాలతో మందం చెప్పే చిన్న పరికరం బాయిలర్లనూ పైపులైన్లనూ తనిఖీ చేసేవారి దగ్గర ఉంటుంది. మన పరిసరాల్లో ఇన్ని పరిశ్రమలు ఉన్నాయి కాబట్టి అలాంటి మనిషి దొరకడం కష్టం కాదు. అయితే ఇనుప లైనరు అల్యూమినియంలో పోసి ఉన్నచోట ఆ పరికరం రెండు లోహాల మధ్య సరిహద్దును మందంగా పొరబడే అవకాశం ఉంది కాబట్టి, పై అంచు దగ్గర లైనరు మందాన్ని వెర్నియరుతో విడిగా కొలిచి సరిచూసుకోవాలి. ప్రతి సిలిండరునూ నాలుగు దిక్కులా, పై, మధ్య, కింద భాగాల్లో కొలిచి కాగితం మీద రాసుకోండి. పిస్టను పక్కకు నొక్కే దిక్కున గోడ మందంగా ఉండటం ముఖ్యం. సిలిండరుకూ సిలిండరుకూ మధ్య ఉన్న దిక్కు అంత ముఖ్యం కాదు.

పగుళ్ళకు ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లే పరీక్ష అల్యూమినియానికీ ఇనుముకూ రెండింటికీ పనిచేస్తుంది. అయస్కాంతంతో చేసే పరీక్ష ఇనుముకు మాత్రమే. మెయిన్ బేరింగు ఆధారాల మూలల్లోనూ, హెడ్ బోల్టు రంధ్రాల నుంచి నీటి దారుల వైపూ ప్రత్యేకంగా చూడమనండి. నీటి దారులన్నీ బిగించి, వేడి నీటిలో ముంచి గాలి పీడనం పెట్టి చూస్తే లోపలి పగుళ్ళు బుడగలుగా బయటపడతాయి. చాలాసార్లు హెడ్ విప్పి బిగించిన అల్యూమినియం బ్లాకులో బోల్టు మరలు అరిగిపోయి ఉంటాయి. ఒక్కటి అనుమానంగా ఉన్నా అన్నిటికీ హెలికాయిల్ (అరిగిన మర స్థానంలో పెట్టే తీగచుట్ట మర) వేయించండి. నాలుగు టన్నులు పైకి లాగేది ఆ మరల మీదే.

బోరింగు విషయంలో నా సలహా కఠినంగా ఉంటుంది. టర్బో ఇంజనుకు బోరు పెంచి సీసీ కలుపుకోవాలన్న ఆశ మానుకోండి. బోరు నిటారుగా రావడానికి ఎంత అవసరమో అంతే కోయించండి. 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుతో పని జరిగితే 0.50కు పోకండి. అరమిల్లీమీటరు ఓవర్‌సైజు మీకిచ్చే సీసీ లెక్కలోకి రానంత స్వల్పం, కానీ గోడలోంచి ప్రతి పక్కా పావు మిల్లీమీటరు పోతుంది. హోనింగు (సిలిండరు లోపలి గోడను నునుపుగా రుద్దే పని) చేసేటప్పుడు హెడ్ స్థానంలో మందమైన ఉక్కు పలకను అసలు టార్కుతో బిగించి చేయమనండి. బోల్టులు బిగించినప్పుడు సిలిండరు గుండ్రం తప్పుతుంది. ఆ తప్పిన స్థితిలో గుండ్రంగా హోన్ చేస్తేనే నడిచేటప్పుడు గుండ్రంగా ఉంటుంది. ఆ పలక లేని షాపు అయితే మీరే లేతు మీద ఒకటి చేయించి పట్టుకెళ్ళండి.

నీటి దారుల్లో సిమెంటు లాంటి ఫిల్లరు పోసి గోడలను బిగించే పద్ధతి గురించి మీరు చదివే ఉంటారు. కొన్ని సెకన్లలో ముగిసే డ్రాగ్ పందేలకు అది పనికొస్తుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండలో, అరగంట నడిచే ట్రాకు బండికి అది వద్దు.

ఇంకొకటి, మందమైన బ్లాకును కూడా నాకింగు (ఇంధనం క్రమంగా కాలకుండా పేలినట్టు మండడం) కొన్ని నిమిషాల్లో చంపగలదు, ఎందుకంటే అప్పుడు పీడనం మనం లెక్క వేసిన 100 బార్ల దగ్గర ఆగకుండా సుత్తి దెబ్బలా ఎగబాకుతుంది. బ్లాకు మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించైనా సరే, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే మంచి ఇంటర్‌కూలరుకూ, ఇంధనం, ఇగ్నిషన్ సరిగా సర్దగల ఈసీయూకూ (ఇంజను కంప్యూటరుకూ), నాక్ సెన్సరుకూ కేటాయించండి.

చివరిగా కాగితాల సంగతి. ఇంజను నంబరు కొట్టి ఉండేది బ్లాకు మీదే. బ్లాకు మారితే నంబరు మారుతుంది, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను కింద అనుమతి లేకుండా అలాంటి మార్పు చేసిన బండిని రోడ్డు మీద తిప్పడం కుదరదు. అందువల్ల పుదుప్పేట బ్లాకుకు అమ్మినవారి రసీదు, ఆ బండి ఆర్సీ నకలు తీసుకోకుండా డబ్బు చేతికివ్వకండి. బండిని ట్రాకుకే పరిమితం చేసి లారీ మీద తీసుకెళ్ళాలన్న ఉద్దేశం ఉన్నా ఆ కాగితాలు మీ దగ్గర ఉండాలి. బ్లాకు దొరికిన తరువాత గోడల కొలతలు, పగుళ్ళ పరీక్ష ఫలితం, పై అంచు వంపు ఎంతో నాకు రాసి పంపండి. పిస్టన్లకు ఆర్డరు అప్పటిదాకా ఇవ్వకండి, ఎందుకంటే ఏ సైజు పిస్టను కావాలో తేలేది ఆ కొలతలు చూశాకే.